బియ్యం బస్తాల లెక్క

వాకిట్లో టార్పాలిన్ పట్టా పరిచి జీడిపిక్కలు ఎండబోస్తున్న గున్నమ్మకి ఆ ఉదయం రెండు భయాలు పుట్టాయి. ఒకటి, తూర్పున సముద్రం మీద కమ్ముకొస్తున్న మబ్బు. వాన పడితే పిక్కలు నల్లబడిపోతాయి. రెండోది, ఇంట్లోంచి వినిపిస్తున్న మొగుడి ఈల. గణపతిరావు ఈల వేశాడంటే ఏదో పెద్ద పని నిశ్చయం చేసుకున్నాడని అర్థం. అతను ఈల వేసినప్పుడల్లా ఇంటికి ఏదో ఒకటి వచ్చి పడింది. ఒకసారి కదలని పాత ట్రాక్టరు, ఇంకోసారి ఈనని గేదె.

మబ్బు దానంతట అదే విడిపోయింది. ఈల మాత్రం ఆగలేదు.

"ఒసే, నా తెల్ల సొక్కా ఎక్కడెట్టినావు? పదింటికి పృథ్వీరాజ్ వస్తాడు. బయానా తెస్తన్నాడు," అంటూ తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు గణపతిరావు.

గున్నమ్మ చేతిలో చేట ఆగిపోయింది. పృథ్వీరాజ్ కాశీబుగ్గలో తోటలు కొనే మనిషి. "బయానా ఏటి మావా? దేనికి?"

"తోటకి. అమ్మేస్తన్నాను."

"అమ్మేసి?"

"మా సిన్నాన్న కొడుకు హరిబాబు సెప్పిన రొయ్యల మేత కంపెనీలో షేర్లు కొంటాను. వాడు కిందటేడు కొన్నాడు, ఇప్పుడు కాలు మీద కాలేసుకుని కూకున్నాడు. నాకేటి తక్కువ? రెండేళ్లు మంచుకి పూత మాడిపోనాది. ఈ తోటని నమ్ముకుంటే మనమూ దాంతోపాటే మాడిపోతాం."

ఇంకేమీ వినిపించుకోకుండా నూతి వైపు స్నానానికి వెళ్లిపోయాడు.

గున్నమ్మ చదివింది ఏడో తరగతి. షేర్లంటే ఆవిడకి తెలిసింది టీవీలో వార్తల కింద ఎరుపూ ఆకుపచ్చగా పరిగెత్తే అంకెలే. కానీ ఏ మాట విన్నా ఆవిడకి దాని చివర కనిపిస్తుంది, అదీ చెడ్డ చివరే. కూతురికి జలుబు చేస్తే ఆస్పత్రి మంచం కనిపిస్తుంది. మొగుడు బండి మీద సంతకి వెళ్తే లారీ కనిపిస్తుంది. ఇప్పుడు ఏదో కంపెనీ గేటుకి వేసిన పెద్ద తాళం కనిపించింది. తమ తోటలోనే, తమ చెట్ల కిందే, వేరే యజమాని కోసం కూలికి పిక్కలు ఏరుకుంటున్న తామిద్దరూ కనిపించారు. తిత్లీ తుఫానుకి తోటలో చాలా చెట్లు వేళ్లతో లేచిపోతే, ఎండలో బిందెలతో నీళ్లు మోసి మళ్లీ మొక్కలు బతికించింది ఆవిడే. ఒక్కో మొక్క ఏ సంవత్సరం మొదటి కాపు కాసిందో కూడా చెప్పగలదు.

లోపల అద్దం ముందు ఝాన్సీ జడ వేసుకుంటోంది. కాశీబుగ్గలో ఆడిటర్ ఆఫీసులో ఉద్యోగం దానికి. కూతుర్ని చూడగానే గున్నమ్మకి ఇంకో అనుమానం వచ్చింది. ఈమధ్య తండ్రీ కూతుళ్లిద్దరూ అరుగు మీద కూర్చుని ఫోనులో తలలు పెట్టి ఏదో గుసగుసలు. తను కాఫీ తెస్తే చాలు, నోళ్లు మూతపడిపోయేవి. ఇదంతా ఈ గుంట చేసిన పనే, చదువుకున్న గుంట కదా అనుకుంది.

నూతి దగ్గర చెంబు చప్పుడవుతోంది. మంచం మీద గణపతిరావు ఫోను ఉంది. ఈ రోజుల్లో ఏ పని జరగాలన్నా, ఏ డబ్బు కదలాలన్నా ఆ ఫోనులోంచే. అది లేకపోతే పృథ్వీరాజ్ రాలేడు, కంపెనీకి డబ్బూ పోదు. ఆవిడకి తోచింది అంతే. గబుక్కున ఫోను అందుకుని, వాకిట్లో గోడకి ఆనించి ఉన్న పిక్కల బస్తాలో మోచేతి దాకా దూర్చి, పైన మళ్లీ పిక్కలు కప్పేసింది.

పని అయితే అయిపోయింది.

కాసేపటికి ఇంట్లో గోల మొదలైంది. "నా ఫోను సూసినావేటే? ఇక్కడే ఎట్టినాను!" దిండు ఎగిరింది, దుప్పటి ఎగిరింది. గణపతిరావు వంగి మంచం కింద వెతుకుతున్నాడు.

"నాకేటి తెలుస్తాది? నీ షేర్లతోపాటు అదీ ఎగిరిపోనాదేమో," అంది గున్నమ్మ. ఆ మాట అన్న గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఇక ఆపుకోలేక కూతురి మీదికి తిరిగింది. "అన్నీ నీవల్లే ఝాన్సీ! తోట అమ్మమని నాన్నకి ఎక్కించింది నువ్వే. పిక్కలు ఏరి నిన్ను సదివించినాం. ఆ సదువుతోనే మా నోట్లో మన్ను కొడతావా?"

ఝాన్సీ చేతిలో దువ్వెన ఆగింది. కళ్లు ఒక్కసారి నీళ్లతో నిండాయి. "నేనా అమ్మా? పది రోజులుగా నాన్నని వద్దు వద్దని ఆపుతున్నదెవరనుకున్నావు?"

గున్నమ్మ కూతురి దగ్గరికి వచ్చింది.

"మరి నాకెందుకు సెప్పలేదే?"

"సెప్తే నువ్వు అన్నం మానేస్తావని. నీకు బీపీ ఉన్నాది కదా. ఎలాగో నాన్నని ఒప్పించి, అంతా అయ్యాక నవ్వుతూ సెబుదామనుకున్నాను."

మంచం కిందనుంచి లేచాడు గణపతిరావు, మోకాళ్లు దులుపుకుంటూ. "ఒప్పించడమేటి? ఈ గుంటకి వ్యాపారం తెలీదు. షేరు ఎనభై రూపాయలు. కిందటేడు షేరుకి పది రూపాయల లాభం వచ్చినాది. ఎనిమిదేళ్లకి పెట్టింది మొత్తం తిరిగొచ్చేస్తాది. ఇంతకన్నా సవక ఎక్కడుంది? సెప్పు, ఎక్కడుంది?"

ఝాన్సీ కళ్లు తుడుచుకుంది. తండ్రి చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చింది. పట్టా మీద పిక్కలు ఒక పక్కకి నెట్టి చోటు చేసింది.

"నాన్నా, సోములు తాత తోట మనం కౌలుకి తీసుకున్నది గుర్తుందా? నేను అప్పుడు చిన్నదాన్ని. ఆ ఏడాది చెట్లు విరగకాసినాయి. తాత ఆ ఒక్క కాపు చూపించి పెద్ద ధర అడిగాడు."

"గుర్తుంది. అయితే?"

"నువ్వేటన్నావు?"

గణపతిరావు భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. గున్నమ్మకి ఆ మాట గుర్తుంది. ఆ సాయంకాలం తనే ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. గణపతిరావు తండ్రి నుంచి వచ్చిన పద్ధతి అది. తోటకి ధర కట్టాలంటే ఒక్క ఏడాది కాపు చూడరు. పదేళ్ల కాపు అడుగుతారు. ఏ ఏడాది తోట మీద వచ్చిన డబ్బుతో ఆ ఏడాది ఎన్ని బస్తాల బియ్యం కొనగలిగేవాళ్లో లెక్క వేస్తారు. అప్పటి రూపాయి వేరు, ఇప్పటి రూపాయి వేరు. బియ్యం బస్తా మాత్రం అప్పుడైనా ఇప్పుడైనా ఇంటిల్లిపాదికీ అన్నేరోజులు వస్తుంది. పదేళ్ల బస్తాలూ కలిపి పది వాటాలు వేస్తే, తోట అసలు విలువేమిటో తెలుస్తుంది.

"బస్తాకి ఒక పిక్క లెక్కన నువ్వు సెబుతుంటే కుప్పలు పెట్టింది నేనే కదా," అంది ఝాన్సీ. "ఇప్పుడూ పెడతాను, సూడు."

పట్టా మీద వరుసగా పది చోట్లు చూపించింది. "ఇవి ఆ మేత కంపెనీ పదేళ్లు. పాత లాభాలన్నీ ఇవాళ్టి రూపాయల్లోకి మార్చినాను. రూపాయికి ఒక పిక్క. కిందటేడు పది." చివరి చోట పది పిక్కలు పోసింది. ముందు చోట్లకి వచ్చేసరికి మూడు పిక్కలు, రెండు, మళ్లీ మూడు. "ఈ మూడేళ్లు నష్టం," అని ఆ చోట్లు ఖాళీగా వదిలి, పక్క కుప్పల్లోంచే కొన్ని తీసేసింది. చివరి కుప్ప ఒక్కటే, సంతలో అందరికన్నా పొడుగ్గా నిలబడ్డ మనిషిలా కనిపిస్తోంది.

"నువ్వు సూసింది ఆ కుప్ప ఒక్కటే నాన్నా." అన్నీ కలిపేసి పది చోట్లకీ సమంగా పంచింది. ఒక్కో చోటా రెండేసి పిక్కలు మిగిలాయి. "ఏడాదికి రెండు రూపాయలు. ఎనభై పెడితే ఎనిమిదేళ్లు కాదు, నలభై ఏళ్లు పడతాది."

"కంపెనీ చెట్టు కాదు కదే! రేపు ఇంకా పెరగొచ్చు," అన్నాడు గణపతిరావు. గొంతులో పట్టు మాత్రం కొంచెం సడలింది.

"పెరగొచ్చు. షేరు రేటూ పెరగొచ్చు. రేపే పడిపోతాదని నేను అనటం లేదు. ఈ లెక్క అది సెప్పదు. నువ్వు ఇస్తున్న ధర విరగకాసిన ఏడాది ధర అని మాత్రమే సెబుతాది. షేర్లే వద్దని కూడా అనను. మిగిలిన డబ్బుతో, నెమ్మదిగా, సరైన ధరకి కొనుక్కో. తోట అమ్మి మాత్రం వద్దు."

మళ్లీ పిక్కలన్నీ పోగుచేసింది. "ఇప్పుడు మన తోట." ఈసారి కూర్చున్నది గున్నమ్మ పక్కన. "అమ్మా, నువ్వు సెప్పు. మొదటి ఏడు ఎన్ని బస్తాల బియ్యం?"

గున్నమ్మ తడబడుతూ చెప్పింది. ఝాన్సీ కుప్పలు పెడుతూ పోయింది. మొదటి రెండు కుప్పలూ పెద్దవి. మూడోది చెప్పబోయి గున్నమ్మ ఆగిపోయింది. ఆ ఏడాది తుఫాను తర్వాత చేతికి ఒక్క పిక్క రాలేదు. ఝాన్సీ ఆ చోటు ఖాళీగా వదిలేసింది. ఆ తర్వాత మిగిలిన చెట్లవీ లేత మొక్కలవీ చిన్న కుప్పలు. తర్వాత ఎదిగిన చెట్ల మంచి కుప్పలు. చివరికి మంచు పట్టిన రెండేళ్లవి, అరచేతిలో దాచుకునేంత.

"పృథ్వీరాజ్ ధర కట్టింది ఈ చివరి రెండూ చూసి." అన్నీ కలిపి పంచింది. ఒక్కో కుప్పా ఆ చివరి కుప్పకి రెట్టింపు పైన తేలింది. "పూత మాడిన ఏడు చూసి తోట అమ్ముతున్నావు నాన్నా. పూత విరగబూసిన ఏడు చూసి షేరు కొంటున్నావు. రెండు చోట్లా మనమే మోసపోతాం. ఈ లెక్క నాకు ఆఫీసులో ఎవరూ నేర్పలేదు. నువ్వే నేర్పినావు."

గణపతిరావు కుప్పల ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక పిక్క తీసి వేళ్ల మధ్య తిప్పాడు. గున్నమ్మ అతని చేతుల వైపే చూస్తోంది. ఇప్పుడు అరుస్తాడు, పిల్లని కొడతాడు, ఇల్లు వదిలి పోతాడు. అన్ని చెడ్డ చివరలూ ఒకేసారి కనిపించాయి.

"రెండేళ్లు మాడిపోనాది కదా," అన్నాడతను మెల్లగా. "పూతతోపాటు నా మనసు కూడా మాడిపోనాది. హరిబాబు ఫోన్లో నవ్వుతుంటే, నాను ఈ తోటలో ఏటి సేత్తన్నానా అనిపించినాది తల్లీ. లెక్క తెలీక కాదు. లెక్క ఎయ్యాలనిపించలేదు."

అప్పుడు మోగింది ఫోను.

గోడ వైపు నుంచి, సన్నగా, గొంతు నొక్కేసినట్టు మోగుతోంది. ముగ్గురూ బస్తా వైపు తిరిగారు. తర్వాత ఇద్దరూ గున్నమ్మ వైపు తిరిగారు.

"ఓలమ్మో," అంది గున్నమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"ఒసే! బస్తాలో ఏసినావా? సాయంత్రం కాటా పెడితే నా ఫోను కూడా పిక్కల రేటుకి పోయేది కదే!"

"భయమేసినాది మావా! అది లేకపోతే నువ్వేటీ సెయ్యలేవనుకున్నాను."

గణపతిరావు బస్తాలో చెయ్యి దూర్చి, పిక్కలు చుట్టూ చిమ్ముకుంటూ ఫోను బయటికి లాగాడు. తెర మీద పృథ్వీరాజ్ పేరు వెలుగుతోంది. దాన్ని చేతిలో పట్టుకుని ఒక్క క్షణం పట్టా మీద కుప్పల వైపు చూశాడు.

"పృథ్వీ, బయలుదేరకు. తోట ఇవ్వను... కాదు, ధర పెంచినా ఇవ్వను. కౌలుకి కావాలంటే రా, బియ్యం లెక్క మీద మాటాడుకుందాం... ఆఁ, ఆ లెక్కంటే మా అమ్మాయి సెబుతాది."

ఫోను పెట్టేసి అతను నవ్వాడు. ఆ నవ్వు చూశాక గానీ గున్నమ్మకి నమ్మకం కుదరలేదు. అరుగు మీద కూలబడి కొంగుతో మొహం కప్పుకుంది. ఝాన్సీ వచ్చి పక్కన కూర్చుని ఆవిడ భుజం మీద తల పెట్టింది.

"నిన్ను అనరాని మాట అన్నాను," అంది గున్నమ్మ.

"అన్నావు. ఆ లెక్కకి రాత్రికి చేపల పులుసు పెట్టు."

గున్నమ్మ ఏడుస్తూనే నవ్వింది. వెంటనే, అలవాటుగా, మొహం మళ్లీ ముడుచుకుంది. "ఒలే, వచ్చే ఏడు కూడా మంచు పడితేనో? ఇంకో తుఫాను వస్తేనో?"

ఝాన్సీ పట్టా మీద, తుఫాను ఏడాదికని తను ఖాళీగా వదిలిన చోటు చూపించింది. ఇప్పుడు అక్కడా మిగతా వాటితో సమానంగా ఒక కుప్ప ఉంది. "వస్తే వస్తాదమ్మా. అది కూడా లెక్కలో ఏసేసినాం. అదంతా తీసేశాక కూడా ఇంత మిగిలినాది."

గున్నమ్మ ఆ కుప్ప వైపు చాలాసేపు చూసింది. ఇన్నేళ్లూ తను ఒక్కతే మోస్తున్నాననుకున్న ఆ చెడ్డ ఏడు అక్కడ, ఎండలో, మంచి ఏళ్ల మధ్య మామూలుగా కూర్చుని ఉంది. గుండెల మీదనుంచి ఎవరో బిందె దించినట్టయింది.

నూతి దగ్గర గణపతిరావు చేతులు కడుక్కుంటూ మళ్లీ ఈల అందుకున్నాడు. గున్నమ్మ చెవులు రిక్కించింది. ఏమిటని అడగబోయి, మానేసి, చేట తీసుకుని పిక్కలు ఎండలోకి పరచసాగింది.