మూడో గది దీపం

“ఏమప్పా, లోపల ప్రాణాలు పోతాంటే నువ్వు గోడకు బెజ్జాలు కొడ్తాండావా?”

సుంకమ్మ నన్ను మొట్టమొదట అడిగిన మాట ఇది. నేను నిచ్చెన మీద ఉన్నా. చేతిలో సుత్తి, నోట్లో రెండు మేకులు. కిందికి చూస్తే ట్రైనింగ్ నర్సు. తెల్లచీర, తెల్ల టోపీ, నడుం మీద చెయ్యి.

మేకులు చేతిలోకి తీసుకొని, “మేట్రనమ్మ పర్మిషన్ ఉండాది,” అన్నా.

“పర్మిషన్ ఉంటే చప్పుడు తగ్గుతాదా?”

తగ్గదు. కానీ ఆ మాట ఒప్పుకునేదానికి నాకేం పట్టింది? ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదివేవాణ్ణి. బత్తలపల్లె నారాయణరెడ్డి కొడుకు ఓబులేసు అంటే ఊళ్లో కుర్చీ వేసేటోళ్లు. పొగరు నెత్తికెక్కి ఉండేది.

అది అరవై ఆరో సంవత్సరం, ఏప్రిల్ నెల. రెండేండ్లుగా వాన మొహం చూసింది లేదు. బావులన్నీ అడుగంటినాయి. జనం బురదనీళ్లు గుడ్డలో వడగట్టుకొని తాగి, వాంతులు బేదులతో ఎద్దులబండ్ల మీద వచ్చేటోళ్లు. అనంతపురం బయట ఒక మిషన్ ఆసుపత్రి ఉండేది. ఆ రోగుల కోసం ఆడ ఒక వరసలో ఏడు గదులు వేరుగా పెట్టినారు. నర్సు బల్లేమో ఆవరణ అవతల, మందుల గదిలో. ఆ జబ్బులో గొంతు కూడా పోతాది. అరుద్దామన్నా శక్తి ఉండదు.

దానికే నేను కాలేజీ ప్రాజెక్టు కింద ఒక మిషను చేస్తానని ముందుకొచ్చినా.

“ఏడు గదుల్లో ఏడు బటన్లు,” అని మరుసటి రోజు సుంకమ్మకు చెప్పినా. “నీ బల్ల మీద ఏడు బల్బులు. ఏ గదిలో నొక్కితే ఆ నంబరు వెలుగుతాది.”

“అయితే ఆవరణ అడ్డంగా ఏడు తీగలు లాగుతావా?”

“ఆడనే ఉండాది తమాషా. కరెంటు తిరిగొచ్చే వాపసు తీగ పక్కన పెడితే, మూడే తీగలు.”

“ఏడుమంది మాట మూడు తీగల్లోనా? ఎవరికి చెప్తాండావ్ కథలు?”

నేను మూడు వేళ్లు చూపించినా. “మొదటి తీగ విలువ ఒకటి. రెండోదాని విలువ రెండు. మూడోదానిది నాలుగు. ఒకటో గదిలో నొక్కితే మొదటి తీగలో కరెంటు పారుతాది. రెండో గదికి రెండో తీగలో. మూడో గదికి?”

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. “ఒకటీ రెండూ మూడు. రెండు తీగల్లోనూ.”

“ఐదుకు?”

“నాలుగు, ఒకటి. ఏడుకు మూడూ.” కండ్లు మెరిసినాయి ఆమెకు. “ఏ తీగలోనూ కరెంటు లేకుంటే?”

“ఎవరూ పిలవలేదని.”

మా క్లాసులో ఈ లెక్క అర్థం చేసుకునేదానికి వారం పట్టినోళ్లు ఉండారు.

“గదుల పక్క ఉండే పెట్టె ఎన్‌కోడర్,” అని ఇంకా ఉత్సాహంగా చెప్పినా. “గది నంబరును మూడు తీగల సంకేతంగా మారుస్తాది. లోపల డయోడ్లు ఉంటాయి. కరెంటును ముందుకే పోనిస్తాయి, వెనక్కి రానీవు. నీ బల్ల మీది పెట్టె డీకోడర్. దాంట్లో మూడు రిలేలు, అంటే కరెంటుతో కదిలే స్విచ్చులు. యా తీగలో కరెంటు ఉండాది, యా తీగలో లేదు అని చూసి, దారి మళ్లించి, ఒక్క బల్బునే వెలిగిస్తాయి.”

“ఇంత తెలివి ఉండి, నిన్న మేకులు నోట్లో పెట్టుకుంటివే! మింగింటే ఎవరు తీసేది?” అనేసి పోయింది.

అంతే, నా పని అయిపోయింది. రెండు రోజుల పనికి మూడు వారాలు తిరిగినా. ఆవరణ అవతల నిలబడి ఆమె వేళ్లు చూపించేది. నాలుగు, రెండు, అంటే ఆరో గది. నేను ఈడ ఆరో బటన్ నొక్కేవాణ్ణి. బల్బు వెలిగితే తలూపేది, నవ్వేది. ప్రేమలో పడినోళ్లు వానలో తడుస్తారంటారు. మా అనంతపురంలో ఆ భాగ్యం యాడిది? చెమటకే తడిసినాం.

మే నెల రెండో వారం. మిట్టమధ్యాహ్నం.

ఒకటో గదిలో తిమ్మక్క అనే కూలీ మనిషికి సెలైన్ సీసా అయిపోయింది. నాడి పడిపోతాంటే బటన్ నొక్కింది. మందు కొలుస్తాండిన సుంకమ్మ తలెత్తి చూసేసరికి బల్ల మీద మూడో బల్బు వెలుగుతాండాది. మూడో గదికి పరిగెత్తింది. ఆడ ముసలామె ఒకామె వాంతి చేసుకొని మత్తుగా పడి ఉండాది. ఆమెను కడిగి, దుప్పటి మార్చి, నీళ్లు తాగించేసరికి ఇరవై నిమిషాలు. ఆ లోపల తిమ్మక్క మొగుడు ఈశ్వరప్ప బజారు నుంచి వచ్చి చూస్తే, పెండ్లాం కండ్లు తేలేసి ఉండాది. వేలు ఇంకా బటన్ మీదనే ఉండాది.

డాక్టరు వచ్చి ఎట్లో బతికించినాడు. కానీ అంతకు ముందే, డాక్టరు కోసం మందుల గదిలోకి ఉరికినోళ్లందరూ ఒకటి చూసినారు. బల్ల మీద వెలుగుతాండేది ఒకటో బల్బు.

“నా పెండ్లాం పిలుస్తాంటే ఈయమ్మ రాలేదు!” అని ఈశ్వరప్ప మన్ను తీసి సుంకమ్మ మీద పోసినాడు.

“నేను చూసినప్పుడు మూడోదే వెలిగింది మేడమ్,” అని మేట్రనమ్మకు చెప్తాండాది సుంకమ్మ. మూడో గది ముసలామెను అడిగితే, “నేను నొక్కలేదమ్మా,” అనింది.

మేట్రనమ్మ నన్ను పిలిపించింది. “ఓబులేసూ, ఒకటి నొక్కితే మూడు వెలిగే అవకాశం ఉందా?”

అందరి ముందర ఒక్కొక్క బటనే నొక్కించి చూపించినా. ఒకటికి ఒకటి, రెండుకు రెండు, ఏడుకు ఏడు. యాడా తప్పు లేదు.

“నా మిషను అబద్ధం చెప్పదు మేడమ్,” అన్నా. “చెప్తే మనుషులే చెప్పల్ల.”

సుంకమ్మ నా పక్క చూసింది. తిట్టలేదు, ఏడ్వలేదు. నెత్తి మీది టోపీ తీసి బల్ల మీద పెట్టి పోయింది. ఇంకో నెలలో ట్రైనింగ్ అయిపోయి సర్టిఫికెట్ చేతికొచ్చేది. దాన్ని ఆపేసి, ఇంటికి పంపించినారు. వాళ్ల ఇంట్లో ఇంగ్లీషు అక్షరం దిద్దిన మొదటి మనిషి ఆమె.

నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదని నాకు తెలుసు. అయినా మిషనులో తప్పు కనపడలేదే!

ఐదో రోజు పెట్టెను మళ్లీ చూద్దామని పోతే, వసారాలో మారెమ్మవ్వ మూట కట్టుకుంటాండాది. రెండో గదిలో ఉండె ఆయమ్మ. జబ్బు నయమై ఇంటికి పోతాండాది.

“నువ్వేనా అబ్బోడా ఈ బటన్లు పెట్టింది? ఏమన్నా పనిచేస్తాయా అవి? ఆ పొద్దు ఇద్దరం నొక్కితిమి. ఒక్కరూ రాకపోయిరి.”

“ఇద్దరెవరవ్వా?”

“తిమ్మక్క, నేను. గోడలో లాంతరు గూడు ఉండాది గదా, రెండు గదులకూ ఒకటే. దాంట్లోంచి చూస్తాంటి. తిమ్మక్క చెయ్యి పెడతానే నేనూ నొక్కితి. చెయ్యి నొప్పి పుట్టేదాకా నొక్కి, ఇంక చాతగాక వదిలేస్తి.”

“నీకేం కాలేదు గదా! నువ్వెందుకు నొక్కినావ్?”

మారెమ్మవ్వ నన్ను పిచ్చోణ్ణి చూసినట్ల చూసింది. “బాగుండాది నీ కత! పక్క మనిషి పిలుస్తాంటే గమ్మునుంటారా? మా వాడలో ఒకరు కేకేస్తే పదిమందిమి కేకేస్తాం.”

ఒకటో గది మొదటి తీగ. రెండో గది రెండో తీగ. రెండిట్లోనూ కరెంటు పారితే మూడు. మూడో గదిలో ఎవరూ నొక్కాల్సిన పనే లేదు. మారెమ్మవ్వ చెయ్యి తీసినాక మిగిలింది ఒకటి. అప్పటికి బల్ల కాడ చూసేదానికి సుంకమ్మ లేదు.

ఒకసారికి ఒకరే పిలుస్తారని నేను అనుకున్నా. కాలేజీ గదిలో కూర్చొని అనుకున్నా. ఈ మనుషుల మధ్యనే పుట్టి పెరిగి కూడా అట్ల అనుకున్నా.

మేట్రనమ్మను బల్ల కాడ కూర్చోబెట్టినా. ఒకటో గదిలో ఈశ్వరప్పను, రెండో గదిలో మారెమ్మవ్వను ఒకేసారి నొక్కమన్నా.

“ఏం వెలిగింది మేడమ్?”

ఆమె బల్బు మీదికి వంగి మళ్లీ చూసింది. “మూడు.”

“తప్పు నాది. ఆ అమ్మాయి నిజమే చెప్పింది. నేనే ఆమె నోరు కొట్టినా.”

మేట్రనమ్మ అప్పుడే ఉత్తరం రాసింది. సుంకమ్మను వెనక్కి రమ్మని, సర్టిఫికెట్ ఇస్తామని. పోస్టులో వేస్తానంటే నేను ఒప్పుకోలేదు.

ఉత్తరం నేనే పట్టుకొని, సుంకమ్మ ఊరికని సోమందేపల్లె దాటి రెండు మైళ్లు నడిచినా. గుట్ట కాడ కరువు పని జరుగుతాండాది. వందమంది రోడ్డుకు కంకర కొడ్తాండారు. వాళ్లలో సుంకమ్మ, పక్కన వాళ్ల నాయన యేసన్న. మందులు కొలిచిన ఆ చేతులకు గుడ్డపీలికలు చుట్టి ఉండాయి. నన్ను చూసి కూడా సమ్మెట ఆపలేదు.

“ఏం సామీ, ఇంకా ఏమన్నా మిగిలుండాదా మా బిడ్డను అనేదానికి?” అన్నాడు యేసన్న. “ప్రాణాలు తీసే నర్సని ఊరంతా చెప్పుకుంటాండారు.”

“ఊరంతా వినాలనే వచ్చినా,” అని గొంతెత్తి చెప్పినా. మూడు వేళ్లు చూపించి, ఒకటీ రెండూ ఎట్ల మూడైందో చెప్పినా. తప్పు నాదని చెప్పినా. సమ్మెటలన్నీ ఆగినాయి.

సుంకమ్మ ఉత్తరం చదివి మడిచింది. “ఇప్పుడేం చేస్తావ్ ఆ పెట్టెను?”

“సరిచేస్తా. ఇద్దరు ఒకేసారి నొక్కితే పెద్ద నంబరుకే మొదటి మర్యాద. చిన్న నంబరు గొంతు వినపడకుండా చేస్తా. ప్రయారిటీ అంటారు.”

“అంటే తిమ్మక్క అందరికన్నా ఆఖరా?” ఆమె కండ్లల్లో మొదటిసారి కోపం చూసినా. “ఎవరి పిలుపు ముందో నీ పెట్టె చెప్తాదా? ఇద్దరు పిలిస్తే రెండు దీపాలు వెలగల్ల. ఎవరి కాడికి ముందు పోవల్లనో నేను చూసుకుంటా. ఏడు తీగలు లాగు.”

“అంత తీగ ఇప్పుడు యాడా దొరకదు.”

“దొరికేదాకా నేను తిరుగుతా ఏడు గదులు.”

ఇంక ఆపుకోలేకపోయినా. “సుంకమ్మా, నువ్వంటే నాకు ప్రాణం. నన్ను చేసుకుంటావా?”

యేసన్న లేచి నిలబడినాడు. “తమాషాలొద్దు సామీ. మీ ఇంట్లో మా బిడ్డను గడప దాటనిస్తారా?”

“ఇయ్యకపోతే నేనే ఆ గడప దాటి బయటికొస్తా. ఈ మాట ఇంతమంది ముందర చెప్తాండా.”

ఆయన కూతురి పక్క చూసినాడు. ఆమె ఉత్తరాన్ని కొంగున ముడి వేసుకొని మళ్లీ సమ్మెట ఎత్తింది. మరుసటి రోజు యేసన్నే ఆమెను వెంటబెట్టుకొని వచ్చి, నాతో పాటు బస్సెక్కినాడు. అనంతపురం దాకా ఆమె కిటికీలోంచి బయటికే చూస్తాండాది. ఆమె నన్ను క్షమించదనే అనుకున్నా.

బస్సు దిగినాక ఆమె నేరుగా తిమ్మక్క గదికి నడిచింది. మేం ఇద్దరం వెనక. తిమ్మక్కకు తెలివొచ్చి ఉండాది. గొంతు మాత్రం ఇంకా పీలగా ఉండాది. ఈశ్వరప్ప సుంకమ్మను చూస్తానే లేచి, తల దించుకొని, రెండు చేతులూ జోడించినాడు.

“ఏం చేస్తివి మామా నువ్వు!” అని మొగుణ్ణి కసిరి, తిమ్మక్క సుంకమ్మ చెయ్యి పట్టుకొని తన చెంపకు ఆనించుకుంది. “నాకు అంతా చెప్పినారు తల్లీ. నావల్ల నీకు మన్ను తగిలె.”

సుంకమ్మ అప్పుడు ఏడ్చింది. ఇన్ని రోజులూ ఏడ్వని మనిషి, మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చింది. నేను తలుపు కాడనే నిలబడిపోయినా. లోపలికి పోయే మొహం నాకు లేదు.

తిమ్మక్క నన్ను చూసింది. “ఎవరమ్మా ఆయప్ప? ఆడనే నిలబడినాడే?”

సుంకమ్మ చెంగుతో కండ్లు తుడుచుకుంది. నాడి చూసేదానికి తిమ్మక్క మణికట్టు పట్టుకుంది. నా పక్క తిరగనే లేదు.

“అందరి ముందర నా మీద నింద వేసినోడు అక్కా,” అనింది. “అందరి ముందర దాన్ని వెనక్కి తీసుకున్నోడు. నేను చేసుకోబోయేటోడు.”

యేసన్న తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. ఆమె పెదాలు కదుపుతా నాడి లెక్కపెడ్తాండాది.