బొట్టు పెట్టిన ఫ్యాను

"ఘాటు రోడ్డు ఎక్కుతదా మీ మోటరు?"

నిర్మల్ బస్టాండులో ఈ ప్రశ్న వేసిన అమ్మాయి ముఖం చూడకముందే సిద్దిరాములుకు రోషం పొడుచుకొచ్చింది. దసరా వెళ్లి వారం కూడా కాలేదు. తన ల్యాండ్‌మాస్టర్ కిరాయి కారు పండక్కి చేసిన ముస్తాబుతో కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. ముందు కట్టిన బంతిపూల దండ ఇంకా వాడిపోలేదు. అలాంటి కారును పట్టుకుని ఎంత మాట!

తర్వాత ముఖం చూశాడు. రోషం వచ్చిన దారినే పోయింది.

"ఘాటెంతపని టీచరమ్మా! మబ్బుల మీదికన్న ఎక్కుతది."

"నేను టీచరునని మీకెవ్వలు చెప్పిండ్రు?"

"చేతిల గొడుగు, సంకల కాయితాల సంచి, నోట్ల గదమాయింపు. ఇంకొకలు చెప్పాల్నా?"

పక్కనున్న పెద్దావిడ పకపకా నవ్వింది. అమ్మాయికి మాత్రం నవ్వు రాలేదు. వచ్చినా బయట పెట్టలేదు.

ఆ అమ్మాయి పేరు అనసూర్య. మెట్‌పల్లిలో మగ్గం నేసేవాళ్ల బిడ్డ. ఆ ఇంట్లో బడి ముఖం చూసిన మొదటి ఆడపిల్ల. ఆదిలాబాదు ఆడపిల్లల బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఈ సాయంత్రం బడి గంట కొట్టేలోపు హాజరై సంతకం పెట్టాలి. లేకపోతే ఉద్యోగం తర్వాతి వాళ్లకు పోతుంది. తోడుగా మేనత్త కిష్టవ్వతో బయలుదేరితే, ఎక్కిన బస్సు నిర్మల్‌లోనే చెడి కూర్చుంది.

"జర జల్ది పోనియ్యిండ్రి," అంది అనసూర్య కారెక్కుతూ. ఈసారి గొంతులో గదమాయింపు లేదు. "గీ నౌకరి తప్పితే మా బాపు నన్ను మల్ల గడప దాటనియ్యడు."

ఆ మాట సిద్దిరాములుకు సూటిగా తగిలింది. "మీరు ఫికర్ చెయ్యకుండ్రి. గంట కొట్టకముందే బడిముందట దించుత," అని మాట ఇచ్చేశాడు.

కారు ఊరు దాటింది. నున్నటి రోడ్డు మీద గాలిని కోసుకుంటూ పోతోంది. కిష్టవ్వ సర్దుకుని కూర్చుని, తనకు తెలిసిన ఒకే ఒక్క పరిచయ పద్ధతి మొదలుపెట్టింది.

"కొడుకా, మీ ఇంటిపేరేంది?"

అప్పుడే ఒక బర్రె రోడ్డు మీదికి వచ్చింది. హారన్ మోతలో జవాబు కొట్టుకుపోయింది.

సిద్దిరాములు ముందున్న అద్దం సర్దాడు. సర్దితే రోడ్డు కన్నా వెనక సీటే బాగా కనిపించింది.

"డ్రైవర్ సాబ్, రోడ్డు ముందట ఉన్నది," అంది అనసూర్య.

అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఘాటు మొదలైంది. ఇటు కొండ, అటు లోయ, మధ్య టేకుచెట్లు. కారు చిన్న గేరులో మూలుగుతూ ఎక్కుతోంది. ఒక మలుపు తిరిగిందో లేదో, బానెట్టు సందుల్లోంచి తెల్లటి ఆవిరి బుస్సుమని లేచింది.

"అవ్వో! మోటరు కుతకుత ఉడుకుతుంది!" కిష్టవ్వ కిందికి దిగి దూరం జరిగింది. "బియ్యం తెస్తే గీన్నే అన్నం వండుకుందుము గదనే."

అనసూర్యకు అత్త హాస్యం వినే ఓపిక లేదు. బానెట్టు లేవగానే కొంగు చేతికి చుట్టుకుని రేడియేటరు మూత వైపు చెయ్యి చాచింది. "మూత తీస్తే ఆవిరి పోదా?"

"ముట్టకుండ్రి!"

సిద్దిరాములు ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని వెనక్కి లాగాడు. "గిప్పుడు తీస్తే సలసల కాగే నీళ్లు మీదికి చిమ్ముతయి. ముఖం కాలుతది."

లాగడం అయిపోయింది. కానీ వదలడం ఇద్దరికీ కాసేపు గుర్తుకు రాలేదు. కిష్టవ్వ దగ్గింది. వెంటనే గుర్తొచ్చింది.

వేడి తగ్గేదాకా ఆగి, మందపాటి గుడ్డతో మూత తీశాడు. ఇంజను నడిపిస్తూ పక్క వాగు నీళ్లు మెల్లగా పోశాడు. ఫ్యాను బెల్టును వేలితో నొక్కి చూశాడు, బిర్రుగానే ఉంది. నీళ్లు ఎక్కడా కారడం లేదు. అయినా నిలబడ్డ చోటే కారు మళ్లీ వేడెక్కసాగింది.

"నీళ్లున్నయి, బెల్టు మంచిగనే ఉన్నది. పండుగ నుంచి సోన్‌కు, ఆర్మూరుకు ఎన్నిసార్లు పోయొచ్చిన! ఒక్కనాడు గిట్ల చెయ్యలే," అన్నాడు తల గోక్కుంటూ.

"అవి సాఫు రోడ్లు. ఉరుకుతుంటే బయటి గాలే తాకుతది," అంది అనసూర్య. "మెల్లగ ఎక్కంగ, నిలబడంగ గాలి ఎవ్వలియ్యాలె?"

"ఫ్యాను."

"మరి ఇస్తుందా?"

"గిర్రున తిరుగుతుంది, కానస్తలేదా?"

"తిరుగుడు వేరు, గాలిచ్చుడు వేరు."

ఆమె తన చేతిరుమాలు తీసి కారు ముందు జాలీకి ఆనించి వదిలింది. అది జారి నేల మీద పడింది. సిద్దిరాములు గుండె కూడా దాని వెంటే జారింది. మంచి ఫ్యానైతే ఆ గుడ్డను లోపలికి లాగి జాలీకి అతికించాలి. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. తెలిసీ తోచలేదు.

ఇంజను ఆపి తొంగి చూశాడు. ఆమె కూడా తొంగి చూసింది.

"ఫ్యానుకు బొట్లెవ్వలు పెట్టిండ్రు?"

"నేనే. దసరాకు ఇప్పి, కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టిన. బొట్లు ముందటికెల్లి కనబడాలె గద అని..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. ఎందుకాగిందో, వెనక నుంచి తనూ తొంగి చూసిన కిష్టవ్వ పూర్తిచేసింది. "బొట్లు గుంట దిక్కు పెట్టి, గా గుంటను ముందటికి తిప్పినవా? చాట బోర్లేసి చెరిగితే పొట్టు పోతదా కొడుకా!"

రెక్కల గుంట ఇంజను వైపు ఉండాలి. అప్పుడే గాలిని దోసిట పట్టి వెనక్కి తోస్తుంది. దసరా నాడు సిద్దిరాములు దాన్ని తిరగేసి బిగించాడు. బొట్టు అందం చూసుకున్నాడు గానీ ఫ్యాను పని చూసుకోలేదు.

ఫ్యాను ఎటు తిప్పినా ఒకటే, రేడియేటరుకే నాచు పట్టిందని బుకాయించొచ్చు. కానీ ఆ కళ్ల ముందు అబద్ధం నోటికి రాలేదు.

"తప్పు నాదే టీచరమ్మా. మీరు తిట్టుండ్రి, పడుత."

అనసూర్య తిట్టలేదు. పొద్దుట్నుంచి దాచుకున్న నవ్వంతా ఒక్కసారి బయటికొచ్చేసింది. "బొట్లు కనబడాలెనని నా నౌకరికే ఎసరు పెట్టిండ్రు గద! తిట్లు ఆదిలాబాదుల తిడుత. ముందు ఇప్పుండ్రి."

ఆ నవ్వుకు సిద్దిరాములు చేతులకు ఎక్కడలేని బలం వచ్చింది. సరిగ్గా అప్పుడే వాన కూడా వచ్చింది. గొడుగు ఒకటి, తలలు మూడు. కిష్టవ్వ తన తలకు కొంగు కప్పుకుని, బానెట్టు కింద వంగిన రెండు తలల మీద గొడుగు పట్టింది.

తిరిగి బిగించేటప్పుడు ఆఖరి బోల్టు జారి కింద సందులో ఇరుక్కుంది. సిద్దిరాములు చెయ్యి పట్టలేదు.

"జరగుండ్రి." అనసూర్య కుడిచేతి గాజులు తీసి అతని చొక్కా జేబులో వేసింది. అతని చేతుల నిండా గ్రీసు మరి. చెయ్యి సందులోకి దూర్చి, పెదవి కరుచుకుని, వెతికి బోల్టు బయటికి తీసింది. ఆమె చెంప మీద నల్లటి మరక పడింది. అది చెప్పాలా వద్దా అని సిద్దిరాములు ఆలోచించి, ఆమెకు అదీ అందంగానే ఉందని చెప్పకుండా వదిలేశాడు.

ఇంజను మోగింది. ఆమె రుమాలు జాలీ ముందు పెట్టింది. టక్కున అతుక్కుపోయింది!

"పట్టింది! పట్టింది!" చిన్నపిల్లలా గంతేసింది అనసూర్య. అతను కూడా గంతేశాడు. బానెట్టు తలకు తగిలింది, నొప్పి తెలియలేదు.

ఆ తర్వాత కారు ఆగలేదు. ఘాటు దాటింది, ఇచ్చోడ దాటింది. ప్రతి గుంతకూ జేబులో గాజులు గలగలమంటున్నాయి. ఆదిలాబాదు బడి ముందు బ్రేకు పడేసరికి బంట్రోతు గంట దగ్గరికి నడుస్తున్నాడు. అనసూర్య తలుపు తీసి పరుగందుకుంది. ఆమె గదిలోకి పోయిందో లేదో కనబడకముందే గంట మోగింది.

పిల్లలంతా వెళ్లిపోయారు. ఆమె రాలేదు. నా బొట్లే ఆమె నౌకరి తిన్నయా అని సిద్దిరాములు గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడన్న చెప్పు కొడుకా, ఇంటిపేరేంది?"

"దూసోల్లం అవ్వా. మా బాపు మగ్గం నేస్తడు. నాకే మోటరు పిచ్చి," అన్నాడు గేటు మీద నుంచి కళ్లు తిప్పకుండానే.

"దూసోల్లా! మేము ఆడెపోల్లం, మాదీ మగ్గమే!" కిష్టవ్వ గోత్రం కూడా అడిగింది. అది వేరే కావడంతో ఆమె ముఖం వెలిగిపోయింది.

అప్పుడే అనసూర్య బయటికొచ్చింది. చెంప మీద మరక అలాగే ఉంది. కళ్లు తడిగా ఉన్నాయి.

"సంతకం పెట్టిన!" అందామె. "నేను లోపలికి పోయినంకనే గంట కొట్టింది!"

సిద్దిరాములు జేబులోంచి గాజులు తీసి ఇచ్చాడు. ఆమె తొడుక్కుని చూసుకుంది.

"ఒకటి తక్కువున్నది."

"ఉన్నది. నాతాన్నే ఉన్నది." దాచడం ఆ రోజు అతనికి చేతకాలేదు. "ఒత్తి అడగకుండ్రి, ఇయ్య బుద్ధైతలేదు. మీరంటే... ఘాటు ఎక్కక ముందే ఇష్టమైంది."

అనసూర్య తల వంచుకుంది. తర్వాత మెల్లగా, నవ్వు ఆపుకుంటూ అంది. "అయితే గా గాజు ఉంచుకోండ్రి. వచ్చే దసరాకు ఫ్యానుకు బొట్లు నేను పెడుత. ఏ దిక్కు పెట్టాల్నో నాకెరుకే."

"దసరా దాక ఎందుకే?" కిష్టవ్వ అప్పటికే కారెక్కి కూర్చుంది. "మాఘంల ముహూర్తాలున్నయి. మా తమ్ముడు నా మాట జవదాటడు. కొడుకా, ఈమెను గీ ఊర్ల మా చుట్టాలింట్ల దించి, రేపు పొద్దుగాల నన్ను మెట్‌పల్లి తోలుకపో. రేపైతే అద్దంల ఎవ్వలుండరు, జర రోడ్డు చూస్కుంట నడుపు."