కదిలానని చెప్పనివాడు

వడ్రంగి షాపు పైగదిలో ఆదివారం మధ్యాహ్నాలు ఆట సాగేది. పేకాట కాదు, చదరంగమూ కాదు. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్ళు ఆ కథలో వీరులై ఏం చేస్తామో చెబుతారు, కొట్లాట వస్తే గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. ఇంత వయసొచ్చి ఇదేం పిచ్చి అని చుట్టుపక్కలవాళ్ళు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ, ఎవరి పిచ్చి వాళ్ళకి ఆనందం.

కథ చెప్పేది తమ్ముడు. వారమంతా కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి, ఆదివారానికల్లా పిండేసిన గుడ్డలా తయారయ్యేవాడు. ఆడేది అతని అక్క, బావ, బావ స్నేహితుడైన బస్సు డ్రైవరు. బావ వడ్రంగి. బొటనవేలంత కర్రబొమ్మలు చెక్కి, గళ్ళ గుడ్డ మీద నిలబెట్టేవాడు. యుద్ధంలో ఎవరెక్కడున్నారో కళ్ళెదుటే కనబడేది.

బావ పోయాక అక్క ఆ బొమ్మల పెట్టెని తాడుతో కట్టి ఆ గదిలోనే అటక మీద పెట్టేసింది. అప్పట్నుంచి యుద్ధాలన్నీ నోటిమాటతోనే. గందరగోళం లేకుండా తమ్ముడు ఒకటే నియమం పెట్టాడు: కదిలానని చెప్పనివాడు ఉన్నచోటే ఉన్నట్టు.

బావ గుండె ఆగింది కూడా ఒక యుద్ధం మధ్యలోనే. కథలో ముగ్గురూ ఒక కోట గదిలో చిక్కుకున్నారు. బయట ఒక జీవి. అది తను మింగినవాళ్ళ గొంతుతో పిలుస్తుంది, నమ్మి తలుపు తీశారా, అంతే సంగతులు. దాన్ని కల్పించింది తమ్ముడే. బావ తన కాపలావాడి బొమ్మని తలుపు దగ్గర నిలబెట్టి, "నేను తలుపు వదలను, మీరు కానివ్వండి" అన్నాడు. ఆ వెంటనే ఛాతీ పట్టుకుని ఒరిగిపోయాడు.

ఆ యుద్ధం తేల్చమని ఇన్నాళ్ళకి అక్కే అడిగింది. సరిగ్గా అన్నం తినక, ఎవరితో మాట్లాడక చిక్కి సగమైన మనిషి, నోరు తెరిచి కోరిన మొదటి కోరిక అది. ఇది ముగిస్తే ఆమె కాస్త తేరుకుంటుందని తమ్ముడి ఆశ. ఆశైతే ఉంది గానీ ఒంట్లో ఓపిక లేదు.

ఆ మధ్యాహ్నం వాన పట్టుకుంది. మబ్బుకి గది చీకటైపోయింది, కరెంటూ పోయింది. కింద షాపు మూతపడి ఎంతకాలమైనా, నేల పలకల సందుల్లోంచి వార్నిషు వాసన ఇంకా వస్తూనే ఉంది.

తమ్ముడు కళ్ళు నులుముకుంటూ, జీవి తలుపు తోస్తోందని, అక్కడ అడ్డం ఎవరూ లేరని చెప్పాడు. డ్రైవరు తల గోక్కున్నాడు. మీ బావ కాపలావాడున్నాడు కదా, కదిలానని చెప్పలేదు కదా, నీ నియమమేగా అని గొణిగాడు. ఆ మాటకి అక్క తలెత్తింది. తమ్ముడు అక్కడ సర్దుకుని ఉండాల్సింది. కానీ త్వరగా ముగించి ఇంటికెళ్ళి పడుకోవాలని ఉంది అతనికి.

"పోయినవాడు కాపలా ఎలా కాస్తాడు? తీసేశాను. బావ అక్కడ లేడు."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా?

కింద షట్టరు కిర్రుమంది. తర్వాత మెట్ల మీద అడుగులు... బరువుగా, ఆగి ఆగి. వార్నిషు వాసన గుప్పుమంది. అడుగులు తలుపు బయట ఆగాయి.

"ఏమోయ్... చేతులు ఖాళీ లేవు. తలుపు తియ్యి."

బావ గొంతే. చెక్కలు మోసుకుంటూ పైకొచ్చిన ప్రతిసారీ అనే మాటే. అక్క మొహం విప్పారింది. ఆమె మళ్ళీ నవ్వితే చూడాలని ఎన్ని రోజులు తపించాడో తమ్ముడు, ఇప్పుడా నవ్వు చూసి భయపడి, లేవబోతున్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, వద్దు. అది బావ కాదు."

"మీ బావ గొంతు నాకు తెలీదా?" అని గుసగుసగా అంటూ చెయ్యి విడిపించుకుంది.

తమ్ముడికి ఇంకేం తోచలేదు. గట్టిగా చెప్పాడు. "నేను చెప్పింది తప్పు. బావ కదల్లేదు. తలుపు దగ్గరే ఉన్నాడు."

బయట మళ్ళీ పిలవబోయిన గొంతు టక్కున తెగిపోయింది. వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

ఈసారి మాటల మీద వదలకూడదని, డ్రైవరు అటక మీది పెట్టె దించి తాడు విప్పాడు. మిగతా బొమ్మలన్నీ ఉన్నాయి. కాపలావాడు ఉండే అర ఖాళీ. ఫోను లైటు నేల మీద తిప్పాడు... గుమ్మం లోపల, తలుపుకి వీపు ఆనించి, ఆ కర్రబొమ్మ నిలబడి ఉంది. అక్క దాని ముందు కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పుడు మళ్ళీ బయట్నుంచి...

"అక్కా."

అలసిపోయిన గొంతు. తమ్ముడి గొంతు.

"అది వెళ్ళిపోయింది. ఇక తలుపు తియ్యి."

అక్క వెనక్కి తిరిగి తమ్ముడి వైపు చూసింది. తియ్యొద్దని చెప్పడానికి అతను నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు... ఊపిరి తప్ప ఏమీ రాలేదు.

గుమ్మం దగ్గర కర్రబొమ్మ, నిలబడ్డది నిలబడ్డట్టే, వెనక తలుపు నెట్టుకొస్తుంటే వెంట్రుకవాసి లోపలికి జరిగింది.