కమ్యూనిటీ పార్ట్‌నర్ కావలెను

“సార్, ఇంతకీ కమ్యూనిటీ అంటే ఎవరండీ?” అని రెండో వరసలోంచి ఒక అమ్మాయి అడిగింది.

అమలాపురంలోని ఆ ఏసీ ఫంక్షన్ హాల్లో పొద్దుటినుంచీ కమ్యూనిటీ గురించే మాట్లాడుతున్నారు. ప్రజలతో కలిసి పరిశోధన ఎలా చెయ్యాలి, ప్రజల మధ్య పాఠం ఎలా చెప్పాలి అని యూనివర్సిటీ, కాలేజీ మేధావులకు అయిదు రోజుల శిక్షణ అది. ప్రజలు మాత్రం వెనక షెడ్డులో వంటలు చేస్తున్నారు. కోర్సు డైరెక్టర్ దుర్గాశ్రీనివాస్ గారు ఏ రాష్ట్రానిదో ఒక ఎండిపోయిన ఊరి ఫొటో తెర మీద వేసి, కోనసీమ వాళ్ళకి పల్లెటూరంటే ఏమిటో వివరిస్తున్నారు.

“ఎక్సలెంట్ క్వశ్చన్,” అన్నారాయన. “దానికి గురువారం స్లైడ్ ఉంది.”

“అప్పటిదాకా ఎవరితో కలిసి పనిచెయ్యాలో తెలియదు కదండీ.”

“టీ చల్లారిపోతోందండి,” అని వెనకనుంచి కృష్ణతేజ గొణిగాడు. గొణిగాననే అనుకున్నాడు. మైకు పక్కనే ఉంది.

హాలంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. టీ దగ్గర సరాసరి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

“తాగండి, వేడిగానే ఉంది. అసలు మీరిక్కడికి దేనికొచ్చేరండీ?”

“సర్టిఫికెట్‌కండి.”

“మరీ అంత నిజం చెప్పేస్తారేంటండీ,” అంది.

తిట్టిందో మెచ్చుకుందో అతనికి అర్థం కాలేదు. పేరు నాగవల్లి అనీ, యూనివర్సిటీలో పిహెచ్‌డి చేస్తోందనీ బ్యాడ్జీ చూసి తెలుసుకున్నాడు. అంత చిన్న బ్యాడ్జీ చదవడానికి అంతసేపు పట్టదు. అతనికి పట్టింది.

సర్టిఫికెట్ అతనికి నిజంగానే కావాలి. రామచంద్రపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. ఆ కాగితం తేకపోతే కాంట్రాక్టు పొడిగించేది లేదని ప్రిన్సిపాల్ తేల్చి చెప్పాడు. కాగితానికి ఒకటే షరతు. బుధవారం తలా ఒక ఊరు వెళ్ళి, అక్కడినుంచి ఒకరిని కమ్యూనిటీ పార్ట్‌నర్‌గా శుక్రవారం ముగింపు సభకు తీసుకురావాలి. సొంత ఊరు మాత్రం ఎంచుకోకూడదు, పక్షపాతం వస్తుందట. నాగవల్లిని రాజోలు వైపు పంపారు. కృష్ణతేజకి అంబాజీపేట పక్కన ఒక ఊరు పడింది.

అక్కడ పట్టాభిరామయ్య గారు కొబ్బరి దింపు చేయించి, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కృష్ణతేజ నమస్కారం పెట్టి, ఎందుకొచ్చాడో చెప్పకుండానే కొన్ని ప్రశ్నలు అడగొచ్చా అన్నాడు.

“ఆయ్,” అంటూ ఆయన సరేనన్నట్టు తలూపారు. “అడగండి. ముందు లోపలికి రండి.”

“భూమి ఎంతుందండీ?”

“తిండికి లోటు లేదండి. తోట ఉంది, కాస్త చేనుంది.”

“ఇంట్లో ఎవరికైనా దీర్ఘకాలిక జబ్బులు?”

“మా ఇంటావంటా షుగరు కూడా లేదండి,” అంటూ ఆయన భార్య గంగాభవాని గారు తలుపు పక్కనుంచి ముందుకొచ్చారు.

“పిల్లలండీ?”

“ఒక్కతే అమ్మాయండి. పెద్ద చదువు చదువుతోంది.”

“పెళ్ళి విషయంలో మీ అమ్మాయి అభిప్రాయానికి విలువిస్తారాండీ?”

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “దాని ఇష్టమే మా ఇష్టమండి,” అంటూ ఆవిడ లోపలికెళ్ళి ఇడ్లీపిండితో పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు, పచ్చడి తెచ్చి పెట్టారు.

తర్వాత ఆవిడ అందుకున్నారు. గోత్రమేమిటి, నక్షత్రమేమిటి, జీతమెంత, తోబుట్టువులెందరు. పరిశోధకుడు తన గురించి దాపరికం లేకుండా చెప్పుకుంటేనే ఊరివాళ్ళు మనసు విప్పుతారని డైరెక్టర్ గారు బోధించి ఉన్నారు. కృష్ణతేజ జీతంతో సహా అన్నీ చెప్పేశాడు. ఫీల్డ్‌వర్క్ ఇంత సుఖంగా ఉంటుందని అతను ఊహించలేదు.

“శుక్రవారం మా వాళ్ళందరి ముందూ మీరొచ్చి రెండు మాటలు చెప్పాలండి,” అన్నాడు.

“అందరి ముందూ అంటే అంతకన్నా ఏం కావాలండీ,” అన్నారు పట్టాభిరామయ్య గారు, గొంతు సవరించుకుని.

అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. నాగవల్లి దిగింది. నోటినిండా పొట్టిక్కతో తమ ఇంట్లో కూర్చున్న కృష్ణతేజని చూసి అక్కడే ఆగిపోయింది. గంగాభవాని గారు కూతుర్ని వంటింట్లోకి తీసుకెళ్ళి ఏదో చెప్పారు. మరుక్షణమే నాగవల్లి బయటికొచ్చి అతన్ని గేటు దాకా నడిపించింది.

“మావాళ్ళని ఏమడిగేరో తెలుసాండీ?”

“హౌస్‌హోల్డ్ ప్రొఫైల్ అండి.”

“మా ఊళ్ళో వాటిని సంబంధం మాట్లాడ్డం అంటారు.”

కృష్ణతేజకి పొలమారింది. ఆమె అతను దగ్గడం అయ్యేదాకా ఆగింది.

“వెళ్ళి నిజం చెప్పండి.”

“చెబితే శుక్రవారం రారు కదండీ.”

“రారు.”

“శుక్రవారం అయ్యేక చెబితేనండీ? నా ఉద్యోగమండి.”

“మా అమ్మ అప్పుడే మావయ్యకి ఫోన్ కలుపుతోంది. మీ ఉద్యోగం నిలబడేదాకా ఆవిడ ఆశపడుతూ కూర్చోవాలాండీ?” అని, గేటు వేసి లోపలికెళ్ళిపోయింది.

బస్టాపులో నిలబడ్డాడు. అమలాపురం బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. అంతకన్నా, ఆ అమ్మాయి అలా గేటు వేసి వెళ్ళడం భరించలేకపోతున్నాడు. తనకి నాగవల్లి అంటే ఇష్టం. మైకు దగ్గర పరువు పోయిన రోజునుంచీ ఇష్టమే. ఇప్పుడే వెళ్ళి ఆ సంబంధం నిజంగానే అడిగేద్దామా అనుకున్నాడు. కానీ ఇప్పుడడిగితే పార్ట్‌నర్ కోసం అడిగినట్టుంటుంది.

వెనక్కి నడిచాడు. పెద్దవాళ్ళిద్దరి ముందూ నిలబడి, అవి కాలేజీ సర్వే ప్రశ్నలనీ, వాళ్ళు ఇంకోలా అనుకున్నారని ఇప్పుడే తెలిసిందనీ, క్షమించమనీ చెప్పాడు. గంగాభవాని గారు కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికెళ్ళిపోయారు.

“సరేనండి,” అన్నారు పట్టాభిరామయ్య గారు. “చీకటి పడుతోంది, బయల్దేరండి.”

శుక్రవారం ముగింపు సభ బ్రహ్మాండంగా మొదలైంది. ఫంక్షన్ హాలు వాచ్‌మన్ ఆనందరావు భుజాన కండువాతో వచ్చి, ఒక ప్రొఫెసర్ గారి తరఫున కొబ్బరి రైతుగా మాట్లాడాడు. వల భుజానేసుకుని వచ్చి ఇంకొకరి తరఫున మత్స్యకారుడయ్యాడు. తువ్వాలు మార్చి నేత కార్మికుడు కూడా అయ్యాడు. “ఎన్ని వృత్తులైనా, అందరి మొహాల్లోనూ ఒకటే కళ,” అని డైరెక్టర్ గారు పొంగిపోయారు. నాగవల్లి పార్ట్‌నర్ రూతు రాజోలు నుంచి వచ్చి, ఉన్నమాట రెండు ముక్కల్లో చెప్పి బస్సుకి వెళ్ళిపోయింది. నాగవల్లి చేతికి సర్టిఫికెట్ వచ్చింది.

“కృష్ణతేజ గారూ, మీ పార్ట్‌నర్?”

“రాలేదండి. నా తప్పేనండి.”

“అయితే సర్టిఫికెట్ కుదరదు.”

“ఆయన పార్ట్‌నర్‌ని నేనండి,” అంటూ నాగవల్లి లేచింది. “ఆయనెళ్ళింది మా ఇంటికే.”

డైరెక్టర్ గారు కళ్ళద్దాలు తీశారు. “మీరు స్కాలర్ కదమ్మా. కమ్యూనిటీ ఎలా అవుతారు?”

“అక్కడే పుట్టేనండి.”

వేదిక మీద పెద్దలు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. పిహెచ్‌డి చేసేవాళ్ళు కూడా ఎక్కడో ఒకచోట పుట్టే అవకాశం ఉందని చివరికి ఒప్పుకున్నారు. కానీ ఒక మనిషిని రెండు పద్దుల కింద చూపిస్తే ఆడిట్ ఒప్పుకోదు.

“ఏదో ఒకటి ఎంచుకోండి. కమ్యూనిటీ అంటే ఆ సర్టిఫికెట్ తిరిగిచ్చెయ్యాలి.”

నాగవల్లి సర్టిఫికెట్ తీసుకెళ్ళి బల్ల మీద పెట్టేసింది. మైకు అందుకుంది.

“ఈయన మా ఇంటికొచ్చి మా అమ్మానాన్నల్లో లేనిపోని ఆశ పెట్టేరండి. అలాగే ఉంచేస్తే ఈరోజు మా నాన్నగారే ఇక్కడ మాట్లాడేవారు. ఉద్యోగం పోతుందని తెలిసీ తిరిగొచ్చి నిజం చెప్పేరు. ఈ అయిదు రోజుల్లో మా ఊరికి జరిగిన మర్యాద అదొక్కటేనండి.”

చప్పట్లు ఆనందరావే మొదలుపెట్టాడు.

బయట సన్నగా వాన. కృష్ణతేజ తన చేతికొచ్చిన సర్టిఫికెట్ తడవకుండా చొక్కాలో దాచుకోవడం కూడా మర్చిపోయి వరండాలో నిలబడ్డాడు.

“మీది పోయింది కదండీ, నా మూలంగా,” అన్నాడు నాగవల్లి పక్కకి రాగానే.

“వచ్చే ఏడు మళ్ళీ పెడతారు లెండి. ఇంకో అయిదు రోజులు నిద్రపోవచ్చు.”

“ఒక మాట అడగొచ్చాండీ? ఇప్పుడు మీ ఇంటినుంచి నాకే కాగితమూ అక్కర్లేదు, అందుకే అడుగుతున్నా. మీరంటే నాకు ఇష్టమండి. నన్ను పెళ్ళి చేసుకుంటారా?”

ఆమె జవాబు చెప్పేలోపు మోటారు సైకిలు వచ్చి మెట్ల దగ్గర ఆగింది. కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చిన పట్టాభిరామయ్య గారు తలమీది కండువా పిండుకుంటూ మెట్లెక్కారు. కృష్ణతేజని చూసి ఆగారు.

“మీమీద కోపం పోలేదండి నాకు,” అన్నారు. “మా ఆవిడే రెండ్రోజులుగా ప్రాణం తీస్తోంది. మనల్ని మోసం చెయ్యడానికి అంత సులువుగా దారి దొరికినా చెయ్యనివాడు, రేపు పిల్లని మాత్రం ఏం మోసం చేస్తాడంటుంది. మీ నాన్నగారి నంబరివ్వండి.”

“నాన్నా, ఆయన నన్నడిగేరు. నేనింకా చెప్పలేదు,” అంది నాగవల్లి.

“అయితే చెప్పెయ్యమ్మా, వాన పెద్దదవుతోంది.”

నాగవల్లి తండ్రి వైపు చూడలేదు. కృష్ణతేజ కళ్ళలోకి చూసి, “ఆయ్,” అంది.