మొహమాటానికి ఫిల్టర్

"నీ బావని అరెస్ట్ చెయ్యాలి."

చీఫ్ ఆ మాట అనేసి, టీ చల్లారిందేమోనని కప్పులోకి చూసుకున్నారు. మొహాలు మార్చడం ఏజెంట్ ఊసరవెల్లికి వృత్తి. ఆ క్షణంలో మాత్రం మేకప్ లేకుండానే మొహం మారిపోయింది.

"ఏ బావ సార్?"

"నీకెంతమంది ఉన్నారేంటి?"

"ఒక్కడే. కానీ సార్, ఆయన ఈగ వాలితే కూడా 'కొంచెం పక్కకి జరుగుతారా' అని అడిగే రకం."

"ఆ మంచితనమే నాకు అనుమానం." చీఫ్ గొంతు తగ్గించారు. "ఊరంతటికీ మంచినీళ్లు పంపే స్టేషన్. క్లోరిన్ వాల్వులు నడిపేది కంప్యూటర్. నీటికాకి ముఠా దాంట్లోకి ఒక ప్రోగ్రాం ఎక్కిస్తోంది, ముక్కలు ముక్కలుగా. ఆఖరి ముక్క చేరిందా, వాల్వులన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి. కుళాయిల్లో వచ్చేది నీళ్లు కాదు, విషం."

"మధ్యలో ఐపీఎస్ ఉందిగా సార్, నెట్‌వర్క్‌కి కాపలా కాసే ప్రోగ్రాం? వచ్చే పోయే ప్రతి ప్యాకెట్టూ విప్పి చూస్తుందిగా?"

"'వీళ్లని నమ్ము' అని ట్రస్ట్ ఇచ్చినవాళ్ల సంచి విప్పదు, చిట్టా కూడా రాయదు. ఆ ట్రస్టులన్నీ స్టేషన్ నెట్‌వర్క్ చూసే మీ బావ లాగిన్‌తో పెట్టినవే. అక్కడ సెక్యూరిటీ కన్సల్టెంట్ వేషంలో ఉన్నావిడ మన మనిషే. రిపోర్టు ఆవిడదే. సాయంత్రం టీ వేళకి పోలీసులతో వస్తా. ఈలోపు దొంగని చూపించు. లేదంటే మీ అక్కకి నువ్వే చెప్పుకో."

ఊసరవెల్లి బాంబుల మధ్య నిద్రపోయిన మనిషి. అక్క పేరెత్తగానే మాత్రం చెమట పట్టింది.

మధ్యాహ్నానికి ఏసీ మెకానిక్ ఒకడు స్టేషన్‌లోకి నడిచాడు. గుబురు మీసం, భుజాన సంచి, సంచిలో గ్యాస్ సిలిండరు. కారిడార్‌లో కన్సల్టెంట్ ఎదురైంది. నీలం కోటు, నల్ల కళ్లద్దాలు. ఆవిడ నవ్వు చూస్తే పాస్‌వర్డ్ మర్చిపోవాల్సిందే.

"ఏసీలో పిల్లి అరుస్తోందా?" అన్నాడు కోడ్ ప్రకారం.

"అరవడం లేదు. పిల్లలు పెట్టింది." కోడ్ సరిపోయింది. ఆవిడ దగ్గరికి వచ్చి, "మీ బావగారంటే జాలేస్తోంది. మంచివాళ్లే ఇలా ఇరుక్కుంటారు," అంది.

ఆయన తనకి బావ అని ఈవిడకెవరు చెప్పారు? చీఫ్ చెప్పి ఉండొచ్చు. చెప్పకపోయీ ఉండొచ్చు. అనుమానం అంటేనే చెప్పులో రాయి. నడవనివ్వదు, తీసి చూస్తే కనపడదు.

సర్వర్ రూంలో బావ స్క్రీన్ మీంచి తల ఎత్తకుండానే అన్నాడు: "ఎడంపక్క మీసం ఊడిపోతోంది, చూసుకోరా బామ్మర్దీ."

"ఎలా కనిపెట్టావు?"

"మా ఇంట్లో ఫ్యాన్ బాగుచేస్తానని కాల్చేశావు. ఏసీ మెకానిక్ అయితే అలా గుమ్మంలో నిలబడి స్విచ్చులకి భయపడడు."

ఊసరవెల్లి తలుపు వేసి, విషయం చెప్పాడు. బావ మొహం పాలిపోయింది. గబగబా ఐపీఎస్ తెరిచాడు. "ఇది పైనుంచి కిందికి చదువుతుందిరా. ముందు ఏ రూల్ తగిలితే దానిదే మాట. ట్రస్టులు పైనున్నాయి. కింద ఎన్ని బ్లాకులున్నా వాటిదాకా పోదు."

"ఇన్ని ట్రస్టులా! ఎవరెవరివి?"

బావ స్క్రీన్ అతనివైపు తిప్పాడు. కామెంట్ గడిలో అన్నింటికీ ఒకటే రాసుంది: 'పాపం, అడిగారు.'

"అడిగితే ఇచ్చేస్తావా?"

"ఎదురుగా నిలబడి అడుగుతారురా! మొహం మీద కాదని ఎలా అంటాం?"

"ఇవన్నీ బ్లాక్ కొట్టు."

"కొడితే దొంగ లాప్‌టాప్ మూసుకుని చక్కా పోతాడు. ఇక్కడ మిగిలేది నా లాగిన్ ఒక్కటే."

నిజమే. ఊసరవెల్లి మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. "బ్లాక్ కాకుండా ఇంకేమున్నాయి?"

"రేట్ లిమిట్ ఉంది. ఆపదు, చుక్కచుక్కగా వదులుతుంది."

"అంటే అక్క కొత్త ఫ్రిజ్ అడిగినప్పుడల్లా నువ్వు 'చూద్దాం' అంటావే, అదా?"

"అచ్చంగా అదే."

"అందరికీ పెట్టు. కాదంటే పారిపోతారు. చూద్దాం అంటే కూర్చుంటారు."

బావ పెట్టాడు. నిమిషం గడవలేదు, ఫోన్ మోగింది. అకౌంట్స్ ఆయన: "ఏమయ్యా, నెట్‌లో కచేరీ పెట్టుకుంటే గాయకుడు రాగం మధ్యలో ఆగిపోయాడు. ఊపిరాడక చచ్చేలా ఉన్నాడు!" బావ అనుమానితుల లిస్టులోంచి ఆయన పేరు కొట్టేశాడు. తర్వాత క్యాంటీన్ ఆయన. ఆ తర్వాత స్టోర్స్ ఆవిడ, బావని, బావ నెట్‌నీ, నెట్ కనిపెట్టినవాడినీ కలిపి తిట్టింది. తిట్టినవాళ్లందరికీ బావ సారీ చెప్పాడు, పేరు కొట్టేశాడు.

చివరికి ఒక్కటి మిగిలింది. స్క్రీన్ మీద దాని గీత ఎర్రగా ఉంది. అది కంట్రోల్ రూం వైపే నెట్టుకుపోతోంది. ఫోన్ మాత్రం లేదు.

"నెట్ స్లో అయినా తిట్టని మనిషి ఉంటాడా బావా?"

"ఉండడు. తిట్టనివాడు దొంగే." బావ పోర్ట్ నంబర్ చూశాడు. "కాన్ఫరెన్స్ రూంరా! ప్రెజెంటేషన్ అని అడిగింది ఆ కన్సల్టెంట్..."

"అడగడమే కాదు," అంది గుమ్మంలోంచి తీయని గొంతు. నల్ల కళ్లద్దాలు. చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్తోలు. "ఆ ట్రస్ట్ ఇచ్చింది మీరేనని రిపోర్టు కూడా నేనే రాశాను. మౌస్ వదలండి."

ఎర్రగీత చివరికొచ్చేసింది. ఆఖరి ముక్క చేరడానికి ఇంక వెంట్రుకవాసి.

పిస్తోలు చూసినా బావ చెయ్యి మౌస్ వదల్లేదు. అది చూసి ఆవిడ గొంతు మార్చింది. "సార్... ఒక్క నిమిషం ఆగండి. నా కోసం. ప్లీజ్."

పిస్తోలుకి వణకని చెయ్యి ప్లీజ్‌కి వణికింది.

"బావా!"

"పాపం, అంతగా అడుగుతుంటే..."

"మొదటిసారి అడిగినప్పుడే ఊరి నీళ్లు రాసిచ్చావు! ఇది రెండోసారి!"

బావ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పుట్టాక ఎన్నడూ నోట పలకని మాట, గొంతులో ముల్లు తీసినట్టు బయటికి లాగాడు.

"కుదరదమ్మా."

దొంగ ముక్కని పట్టి సాక్ష్యంగా దాచే క్వారంటైన్ నొక్కాడు. ఎర్రగీత అంచు దాకా వచ్చి ఆగిపోయింది. ఆవిడ పిస్తోలు బావ వైపు తిరిగేలోపు, ఊసరవెల్లి సిలిండర్ మూత తిప్పేశాడు. తెల్లటి చలి గ్యాస్ బుస్సుమని ఆవిడ చేతికి తగిలింది. పిస్తోలు నేలమీద టంగుమంది. జీవితంలో అతను సరిగ్గా చేసిన ఏసీ పని అదొక్కటే.

టీ వేళకి చీఫ్ పోలీసులతో వచ్చారు. బావ కోసం తెచ్చిన బేడీలు కన్సల్టెంట్ చేతులకి సరిపోయాయి. మన మనిషి అనుకున్నది నీటికాకుల మనిషి అని తెలిసి చీఫ్ కాసేపు గోడవైపు తిరిగి నిలబడ్డారు. తర్వాత వచ్చి బావ భుజం తట్టారు.

"శభాష్. అన్నట్టు... మా ఆఫీసులో కూడా ఈ ఐపీఎస్ ఒకటి పెట్టి చంపుతున్నారు. మనవరాలి వీడియోలు ఆడవు. నువ్వు వచ్చి నా ఒక్క లాప్‌టాప్‌కి చిన్న ట్రస్ట్..."

బావ బామ్మర్దిని చూశాడు. బామ్మర్ది ఏసీని చూశాడు.

"చూద్దాం సార్," అన్నాడు బావ వినయంగా.

చీఫ్ ఇప్పటికీ మనవరాలి వీడియో బదులు స్క్రీన్ మీద తిరిగే చక్రం వైపు ఆశగా చూస్తూ కూర్చున్నారు.