కొమ్ముదీవికీ తిత్తిదీవికీ మధ్య

సముద్రం వెనక్కి తీసే పాటు అడుగుకి చేరడానికి ఇంకా గంటా పది నిమిషాలుంది. మైలపల్లి నూకరత్నం రాళ్లు నెట్టే గీరుబండిని ఒడ్డు మీంచి రాళ్ల గట్టు మీదికి దింపి, దాని ముందరి పారను జానెడు లోతుకు వంచింది. కిందటి పోటు మోసుకొచ్చిన గులకరాళ్లు పార ముందు గరగరమంటూ పోగుపడ్డాయి. ఆ పోగును ఉత్తరపు అంచుకు నెట్టి, వెనక్కి వచ్చి, మళ్లీ పార దించింది. నిన్న తీసిన రాళ్లే ఇవి. మొన్న తీసినవీ ఇవే అయివుంటాయి.

కొమ్ముదీవికీ తిత్తిదీవికీ మధ్య దూరం నాలుగు వందల మీటర్లు. మంచు కరిగి బరువు దిగిపోయినప్పటి నుంచి ఈ ధ్రువతీరపు నేల ఏటా నాలుగు వేళ్ల మందాన పైకి లేస్తోంది. ఈ జలసంధిలోంచి ఆఖరి ఓడ వెళ్లి పందొమ్మిదేళ్లయింది. ఇప్పుడు పాటువేళ రెండు దీవుల నడుమా గట్టు బయటపడుతుంది, మధ్యలో ముప్పై మీటర్ల కాలువ ఒక్కటి తప్ప. ఆ కాలువ సముద్రం చేసింది కాదు. నడిగీతకు ఇటు సగం నూకరత్నం తీస్తుంది, అటు సగం తిత్తిదీవి బండివాడు దాలయ్య తీస్తాడు. పదకొండేళ్లుగా, రోజుకు రెండు పాట్లకూ.

ఒప్పందం ప్రకారం పాటు అడుగున కాలువలో ఒకటిన్నర మీటర్ల నీరుండాలి. ఉన్నంతకాలం అది జలసంధి. మనిషి కాలినడకన దాటగలిగిన రోజున రెండు దీవులూ ఒకటే నేల. అప్పుడు ఇది పశ్చిమ పాలనది, అది తూర్పు పాలనది అన్న మాటా, వాటి వెనకున్న సముద్రపు అడుగు వాటాలూ అన్నీ తిరగరాయాలి. అందుకే ఇద్దరూ ప్రతి పాటుకీ లోతు కొలిచి, జలసంధి ఇంకా ఉందని సజీవపత్రం పంపుతారు. ఎవరూ అటూ ఇటూ దాటకూడదని రెండు దీవుల్లోనూ ఒక్క పడవ కూడా ఉంచలేదు.

రోజూ ముందు పలికేది దాలయ్యే. నూకరత్నం ఆయన్ని దగ్గరగా చూసింది లేదు. ఆమెకు ఆయన వైర్‌లెస్‌లో ఒక బొంగురు గొంతు, అవతలి ఒడ్డున ఒక పసుపుపచ్చ వానకోటు. ఇవాళ గొంతూ లేదు, కోటూ లేదు.

"మావా, బండి దింపనేదేటి?"

రెండు పోగులు తీసింది. మళ్లీ పిలిచింది.

"పడిపోనానమ్మా," అన్నాడు దాలయ్య. గొంతు దూరంగా ఉంది. "బండి మీంచి. తొడ ఇరిగిపోనాది. కదల్లేకున్నాను."

"ఏడున్నావు?"

"ఒడ్డు కింద. నాచుగీత కన్నా కిందే."

నూకరత్నం బండి ఆపింది. నాచుగీత కిందంటే పోటు ఎక్కే చోటు. పాటు అడుగుకి చేరి మళ్లీ తిరిగి, అక్కడికి నీళ్లు రావడానికి మూడు గంటలు పట్టదు. ఆమె సజీవపత్రాలు అందుకునే పశ్చిమ పాలన పత్రకేంద్రాన్ని పిలిచింది. డ్యూటీలో ఉన్న కుర్ర అధికారి అంతా మర్యాదగా విన్నాడు.

"తూర్పు పాలనకి తెలియజేశామండీ. వాళ్ల రక్షకనౌక ఏడు గంటల్లో చేరుతుంది. తిత్తి కాలనీకి కూడా కబురు వెళ్లింది, కాకపోతే కాలనీ దీవికి అవతలి కొసన ఉంది. నడిచి రావడానికి నాలుగు గంటలు."

"అన్ని గంటలు ఆ మనిషుండడు బాబూ."

"మీ సజీవపత్రం సమయానికి పంపండి చాలు. మిగతాది వాళ్లు చూసుకుంటారు."

ఆమె స్టీరింగు మీంచి కాలువ కేసి చూసింది. నీళ్లు రెండు డిగ్రీలున్నాయి. ఈదితే నడిగీత దాటకముందే కాళ్లు కొయ్యబారిపోతాయి. భుజాలు నొప్పిగా ఉన్నాయి. దేని గురించీ ఆలోచించే ఓపిక లేదు.

"మావా, నీ సగంలో లోతెంత?"

"ఎవులికీ సెప్పకు. నాలుగు రోజులై పార దింపనేదు. జొరం. లోతు ఉత్తినే రాసీసినాను. మోకాల్లోతుంటాది, అంతే."

అంటే అడ్డమున్నది తన పదిహేను మీటర్లే. పదకొండేళ్లుగా తీసిన రాళ్లన్నీ ఉత్తరపు అంచున గుట్టగా పడివున్నాయి. నూకరత్నం బండిని గుట్ట వెనక్కి తిప్పింది. పార దించి, కాలువలోకి నెట్టింది.

మొదటి పోగు నీళ్లలో మునిగి కనిపించకుండా పోయింది. రెండోదీ అంతే. ఆరో పోగుకి వైర్‌లెస్‌లో కుర్ర అధికారి పలికాడు.

"నూకరత్నం గారూ, రాళ్లు కాలువలో పడుతున్నట్టు మీ బండి చూపిస్తోంది."

"అవునండి."

"పొరపాటా?"

"కాదండి."

"దీని పర్యవసానం మీకు తెలుసా?"

"తెల్సండి," అని ఆమె ఏడో పోగు నెట్టింది.

నలభై నిమిషాలు పట్టింది. నడిగీత దగ్గర బండి దానంతటదే ఆగిపోయింది. దాన్ని చేసిందే అలా. ఆమె ప్రథమచికిత్స సంచీ, రెండు కర్రలు, తాడు తీసుకుని దిగింది. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి, ఒకచోట తొడల దాకా. చలి ఎముకల్లోకి దిగింది. నడిగీత కర్రను ఆమె ఎడమవైపు వదిలి దాటింది. ఏ గంటా మోగలేదు.

దాలయ్య ఆమె అనుకున్నదానికన్నా చిన్నమనిషి. గడ్డం నిండా ఇసుక.

"ఎలగొచ్చినావు?"

"నడిసొచ్చినాను."

ఆయన ఆమె తడిసిన బట్టల కేసి, గట్టు కేసి చూశాడు. "ఎంత పని సేసీసినావే తల్లీ," అన్నాడు. అని ఏడ్చాడు.

కాలికి కర్రలు కట్టి, ఆయన కోటు మీదే పడుకోబెట్టి, చంకల కింద తాడు వేసి లాగింది. పది అడుగులకొకసారి ఆగింది. ఒడ్డు మీదున్న ఆయన కాపలాగదికి చేర్చేసరికి పోటు నాచుగీత దాటింది.

తిత్తి కాలనీ వాళ్లు ముగ్గురు మధ్యాహ్నానికి చేరారు, వాళ్లలో ఒక ముసలావిడ. కట్లు కట్టడం తెలిసిన మనిషి, గరికిన పోలమ్మ. దాలయ్య కట్టు విప్పి సరిచేసి కట్టాక నూకరత్నం వైపు తిరిగింది.

"నువ్వు అవతలోళ్ల పిల్లవా?"

"అవునప్పా."

శ్రీకాకుళం తీరం మునిగినప్పుడు రెండు పాలనలూ జనాన్ని ఓడలెక్కించి, ఇటు కొందరిని, అటు కొందరిని దించాయి. నూకరత్నానికి అప్పుడు పదిహేనేళ్లు. పోలమ్మ మిగిలిన కట్టుగుడ్డ చుట్ట చుడుతూ అడిగింది.

"మా సెల్లిని ఆ ఓడెక్కించీసినారు. ఎర్రమ్మ. గరికినోళ్ల ఎర్రమ్మ. ఉందేటి?"

"ఉంది. కళ్లు కనబడవు. వలలు బాగుసేత్తాది, సేత్తోనే తడిమి."

పోలమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది.

సాయంత్రం నౌక వచ్చి, వైద్యుడు దాలయ్యకు మందు ఇచ్చాడు. ఈ రాత్రికి కదిలించవద్దన్నాడు. తరవాత కుర్ర అధికారి వైర్‌లెస్‌లోకి వచ్చాడు. గొంతులో అలసట ఉంది. పొద్దుటి నుంచీ అతన్నీ ఎవరూ ఇంటికి పంపినట్టు లేదు.

"రెండు పాలనలూ మాట్లాడుకున్నాయండీ. రాబోయే పాటులోగా మీరు వెనక్కి వెళ్లి కాలువ తీసేస్తే పొద్దుటి కొలతను యంత్రదోషంగా రాసుకుంటారు. దాలయ్య గారి తప్పుడు లోతులు కూడా. ఎవరి ఉద్యోగానికీ ఇబ్బంది ఉండదు. బండి పోటులో మునిగినా నడుస్తుంది, నడిగీత దాటేలా తాళం తీశాం. రెండు సగాలూ మీరే తీయవచ్చు."

"ఇప్పుడా?"

"మూడు గంటల్లో పాటు. నీళ్లు తీస్తూండగానే వెళ్లి మొదలుపెట్టాలి."

నూకరత్నం తన చేతులు చూసుకుంది. తాడు కోసిన చోట అరచేతులు పచ్చిగా ఉన్నాయి. పదకొండేళ్లలో ఏ పాటుకూ ఆమె నిద్రపోయింది లేదు. పాటువేళ రోజురోజుకీ జరిగేది, దాంతోపాటు ఆమె నిద్రా జరిగేది.

"నాకు నిద్రొస్తంది బాబూ," అంది.

"అంటే వెళ్లనంటున్నారా?"

"ఎల్లను."

ఆమె వైర్‌లెస్ కట్టేసి, దాలయ్య మంచం పక్కన నేలమీదే పడుకుంది. పాటువేళ ఆయన మగతలో, "పాటేల అయ్యింది, లెగవేటి?" అన్నాడు. అప్పటికి ఆమెకు వినిపించడం లేదు.

ఎండ ఇంకా వాలలేదు. ఆ నెలలో అక్కడ పొద్దు అసలు గుంకదు. పోలమ్మ తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చింది. గట్టు ఈ దీవి నుంచి ఆ దీవి దాకా తడిగా మెరుస్తోంది. మధ్యలో మోకాళ్ల దాకా నీళ్లు. కాలనీ వాళ్లిద్దరూ నడిగీత కర్ర దాకా వెంట వచ్చి, ఆగివున్న గీరుబండి పక్కనే నిలబడిపోయారు. ఆవిడ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నడుస్తూనే ఉంది.

కొమ్ముదీవి ఒడ్డెక్కాక ఊపిరి కోసం నిలబడింది. చెల్లి ఉండే కాలనీ ఎటువైపో అడగడం మరిచిపోయింది. నేల మీద గీరుబండి చక్రాల జాడలున్నాయి. వాటినే పట్టుకుని దీవి లోపలికి నడిచింది.