మూడో గొట్టం నిట్టూర్పు

సఖినేటిపల్లి నుంచి అంతర్వేది వెళ్ళే దారిలో రొయ్యల మేత పరిశోధన కేంద్రం ఉంది. దాని వెనక ప్రహరీ బయట, ఇసుకలో దింపిన మూడో గొట్టం పక్కనుంచి చీకటి పడ్డాక మా పేటలో ఎవరూ నడవరు. ప్రెసిడెంటు భాస్కరరావు గారైతే, దెయ్యాలు లేవని మైకులో చెప్పి, బండి మీద రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి ఇంటికి వెళతారు.

ఆ గొట్టం నిట్టూర్పు విడుస్తుంది. "హూ..." అని.

పగలు కూడా విడుస్తుందంటారు గానీ, పగలు ఆగి వినేంత తీరిక మావాళ్ళకి లేదు.

కేంద్రం వాళ్ళు వాడి వదిలేసిన మందునీళ్ళని నల్లపట్టా పరిచిన గుంటలో నిలవ చేస్తారు. పట్టా చిరిగితే ఆ నీళ్ళు ఇసుకలోకి దిగుతాయి. అది ముందుగా పట్టుకోడానికే గుంటకీ పేటకీ మధ్య నాలుగు గొట్టాలు దింపేరు. వాటిలో నీళ్ళు తోడి పరీక్ష చేసే అమ్మాయి పేరు లక్ష్మీతులసి. రోజూ నరసాపురం నుంచి పంటు మీద గోదావరి దాటి వస్తుంది.

రెండు నెలలుగా మూడో గొట్టంలో నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి. గుంట కారుతోందో లేదో ఆ ఎరుపులో తేలడం లేదు. పై అధికారి రమణబాబు గారు "తుప్పు అయ్యుంటుందమ్మా, అలా రాసెయ్" అన్నారు. ప్లాస్టిక్ గొట్టానికి తుప్పేమిటని ఆ పిల్ల రాయలేదు.

మా పేటలో మాత్రం కారణం అందరికీ తెలుసు — రక్తం.

ఆ తరవాతి సంగతి తాతాజీ స్వయంగా చెప్పేడు. కాబట్టి సగం నమ్మొచ్చు.

తాతాజీ కొబ్బరి దింపు తీస్తాడు. అరవై అడుగుల చెట్టు మీద కూర్చుని కూనిరాగం తీస్తాడు. భయమంతా నేల మీదే. భార్య శ్రీదుర్గకి ఏడో నెల. "ఆ గొట్టంలో దెయ్యం కన్ను కడుపు మీద పడకూడదురా" అంది తల్లి అచ్చమ్మ. అందుకని అమావాస్య నాటి రాత్రి, తువ్వాలు కింద ఏదో దాచుకుని గొట్టం వైపు బయల్దేరేడు.

గాలి లేదు... కుక్క అరుపు లేదు...

"హూ..." అంది గొట్టం.

ఇంకో అడుగు వేశాడు. గొట్టం వెనకనుంచి — తెల్లగా ఏదో లేచింది. ముఖం సగమే ఉంది. కళ్ళు మాత్రమే.

"ఎవరు...?"

"తాతాజీనండీ." దెయ్యం అడిగినా మర్యాద తప్పే పేట కాదు మాది.

"ఆ తువ్వాలు కింద ఏమిటి?"

"చెంబండీ... ఎర్రనీళ్ళండీ... మీకేనండీ."

అది ముఖం మీది మాస్కు కిందకి లాగింది. లక్ష్మీతులసి! ఒంటిమీద తెల్లకోటు. గొట్టంలో రంగు పోసే దొంగని పట్టుకోడానికి ఆఖరి పంటు వదులుకుని మరీ కూర్చుంది.

"ఇన్నాళ్ళూ పోసింది మీరేనా?"

"ఆయ్. మంగళవారం మంగళవారం, అమావాస్యలకీనండీ. కొట్లో కుంకం, పొట్లం పొట్లం కలిపేసేను. తక్కువ చెయ్యొద్దంది మా అమ్మ."

"మూతకి తాళం ఉండాలే?"

"ఉప్పుగాలికి ఊడిపోయిందండీ. మీ ఆఫీసులో చెప్తే, కాగితం రాసి ఇమ్మన్నారు."

ఆ పిల్ల ఇసుకలో కూలబడి నవ్వింది. "దెయ్యం కాదండీ తాతాజీ గారూ. సముద్రం పోటు మీదుంటే భూమిలో నీళ్ళు పైకి లేస్తాయి. గొట్టంలో గాలి మూత సందులోంచి బయటికొస్తుంది. అంతే."

"అయితే నేను గాలికా పూజ చేసింది!" అని అతనూ నవ్వేడు.

నవ్వుతూనే ఆమె ఆగిపోయింది.

"మీరు తాగే బోరింగు ఎక్కడ?"

"అదిగోనండీ, ఆ దీపం కింద. ఇక్కణ్ణించి ఎనభై అడుగుల దూరం ఉంటుందేమో."

ఆమె అతనికన్నా ముందు నడిచింది. అతని పెరట్లో తెల్ల బకెట్టు తీసుకుని బోరింగు కింద పెట్టింది. "కొట్టండి" అంది మెల్లగా.

సగం బకెట్టు నిండేక టార్చి వేసింది. తాతాజీ వంగి చూశాడు. నీళ్ళు — లేత గులాబీ రంగు.

"మీ కుంకంలో రంగేనండీ..." ఆమె టార్చి గొట్టం వైపు తిప్పింది. "గొట్టంలో పోసింది ఇక్కడిదాకా నడిచొచ్చింది."

"మరి... ఆ గుంట కారితేనండీ?"

"ఆ మందునీళ్ళూ ఈ దారినే వస్తాయి. ఆ నీళ్ళకి రంగుండదు. వచ్చినా మీకు కనపడవు."

తలుపు చప్పుడైంది. శ్రీదుర్గ గుమ్మంలోకి వచ్చింది.

"ఇంత రాత్రప్పుడు నీళ్ళెందుకు కొడుతున్నారండీ? సాయంత్రం పట్టిన బిందె అలాగే ఉందిగా."

ఆమె చేతిలో గ్లాసుంది.

సగం తాగేసి ఉంది.